చెయ్యి వణుకుతుంది, అంతే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైకు చేతికివ్వకుండా స్టాండుకే ఉంచమని నేనే అడిగాను. చేత్తో పట్టుకుంటే అది గడ్డానికి టకటకా తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు నా మాటకన్నా ఆ చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. ఇదిగో, చెయ్యి చాపుతున్నాను. ముందు వరసవాళ్లకు కనబడుతూనే ఉంటుంది. ఇది సభాపిరికితనం కాదు, చలి అంతకన్నా కాదు. పద్దెనిమిదేళ్లుగా ఇంతే. దీని గురించే ఈ రోజు మాట్లాడదామని వచ్చాను.

నెల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, థర్మల్ ప్లాంట్లలో ముప్పై ఏళ్లు చేశావు. ఆ ముచ్చట చెప్పు, పిల్లలకు హుషారుగా ఉంటుంది" అన్నాడు. సరేనన్నాను. టర్బైన్ల మీద నాలుగు మాటలు రాసుకున్నాను కూడా. ఆ వారంలోనే మా బ్యాచ్ మిత్రుణ్ని సభకు పిలుద్దామని ఫోన్ చేస్తే రానన్నాడు. ఎంత అడిగినా కారణం చెప్పడు. చివరికి వాళ్లావిడ ఫోన్ అందుకుంది. "చెయ్యి వణుకుతుంది అన్నయ్యా. నలుగురిలో కూర్చుని తినలేడు. చారు ఒలుకుతుంది, నీళ్లు మీద పోసుకుంటాడు. రెండేళ్ల నుంచి పెళ్లికీ పోవట్లేదు, చావుకీ పోవట్లేదు" అంది. కబడ్డీలో మన స్కూలు కోసం మోకాళ్లు పగలగొట్టుకున్నవాడు, చారు ఒలుకుతుందని ఇంట్లో కూర్చున్నాడు. టర్బైన్ల కాగితం పక్కన పెట్టేశాను. వాడి పేరు చెప్పను. ఈ ప్రసంగాన్ని సావనీరులో వేస్తామన్నారు కాబట్టి వాడికి ఎలాగూ చేరుతుంది.

మా ఇంట్లో ఈ వణుకు నాతో మొదలు కాలేదు. మా తాతకు ఉండేది. చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుంటే రాయిలా కదలకుండా ఉండేది. చెంబు ఎత్తాడా, నీళ్లు తొణికేవి. చుట్ట ముట్టించుకోవాలంటే మూడు అగ్గిపుల్లలు కావాలి. పొద్దున్నే తాటివనానికి పోయి కాస్త కల్లు తాగి వస్తే మాత్రం ఒక గంటో రెండు గంటలో చెయ్యి కుదురుకునేది. ఆ కుదురులోనే పగ్గాలు పేనేవాడు, ఎద్దుకు ముకుతాడు పొడిచేవాడు. ఊరు ఈ సంగతిని తిరగేసి చదివింది. కల్లు తాగీ తాగీ చెయ్యి పాడైపోయిందని అంది. మా నాయనమ్మ పుట్టింటివాళ్లు కూడా అదే అన్నారు. తర్వాత మా నాన్నకు నలభై అయిదు దాటాక మొదలైంది. నాన్న కల్లు ముట్టినవాడు కాదు. అయినా చూసినవాళ్లు "తండ్రి పోలికే" అని నవ్వేవాళ్లు. మాట నిజమే, వాళ్లనుకున్న పోలిక మాత్రం కాదు.

ఈ జబ్బు పేరు ఎసెన్షియల్ ట్రెమర్. ఎసెన్షియల్ అంటే ఇక్కడ అవసరమైనది అని కాదు. ఇంకో జబ్బుకు లక్షణంగా కాకుండా తనంతట తానుగా వచ్చింది అని వైద్యుల వాడుక. బీపీలో కూడా ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్ అంటారు, ఆ అర్థమే. చెయ్యి పనిలో ఉన్నప్పుడు, లేదా గాలిలో చాపి పట్టుకున్నప్పుడు, సెకనుకు 4 నుంచి 12 సార్ల దాకా వణుకుతుంది. కొందరికి తల అడ్డంగా ఊగుతుంది, కొందరికి గొంతు వణుకుతుంది. సగం మందికి పైగా ఇంట్లో ఇంకెవరికో ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకూ రావడానికి సగం పాళ్లు అవకాశం ఉందంటారు. మా తాత, మా నాన్న, నేను. లెక్క మా ఇంటి మీదే చేసి చూపించినట్టుంది.

కదలికలకు సంబంధించిన నరాల జబ్బుల్లో ఇది చాలా సాధారణమైనది. అన్ని వయసులవాళ్లనూ కలుపుకుంటే నూటికి ఒకరు, 65 దాటినవాళ్లలో నూటికి నలుగురైదుగురు అని ప్రపంచంలోని సర్వేలన్నీ కలిపి వేసిన అంచనా. మన దేశంలో బొంబాయి పార్శీల మధ్య ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఒకటి 1988లో అచ్చయింది. అందులో వెయ్యికి దాదాపు 16 మందికి ఈ వణుకు కనిపించింది. ఈ షామియానా కింద ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి. నేనొక్కణ్నే అయ్యే అవకాశం తక్కువ.

టర్బైన్ మాట వదిలేశానన్నాను గానీ ఒక్కసారి వాడుకోనివ్వండి. టర్బైన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్‌కు ఒక రోగం ఉంటుంది, మేం దాన్ని హంటింగ్ అంటాం. వేగం తగ్గిందని అది ఆవిరి పెంచుతుంది, కాస్త ఎక్కువ పెంచుతుంది. వేగం ఎక్కువైందని తగ్గిస్తుంది, అదీ కాస్త ఎక్కువే తగ్గిస్తుంది. అలా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. టర్బైన్‌కు బలం తగ్గలేదు, ఏ భాగమూ విరగలేదు. సరిదిద్దే దారిలోనే ఊపు పుట్టింది. చిన్నమెదడు నుంచి థాలమస్ మీదుగా మెదడు పైపొరకు పోయే దారిలో ఇలాంటి ఊపే పుడుతుందని డాక్టరు నాకు బొమ్మ వేసి చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది గవర్నరే. పోలిక నాది, డాక్టర్లను తప్పుపట్టకండి.

నాకు ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది. ఓవర్‌హాలింగ్‌లో కప్లింగ్ మధ్య సందులో ఫీలర్ గేజ్ దూర్చి కొలవాలి. ఆ రేకు మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అది సందు దగ్గర డోలు వాయించినట్టు కొట్టుకుంటోంది. పక్కనున్న ఫిట్టర్ ఏమీ అనకుండా నా చేతిలోంచి తీసుకుని కొలిచి, లెక్క చెప్పాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఎప్పుడు ఆ పని వచ్చినా అతనే చేసేవాడు, నేను పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు. నాకు దొరికిన మొదటి అండ అతనే.

మొదట చూసిన డాక్టరు పార్కిన్సన్ అన్నారు. ఎనిమిది నెలలు ఆ మాత్రలు మింగాను. వాంతి వచ్చినట్టుండేది, వణుకు ఇసుమంత తగ్గలేదు. ఆ ఎనిమిది నెలలూ మా ఆవిడ రాత్రిళ్లు నిద్రపోయిందనుకోను. ఆ తర్వాత హైదరాబాదులో నిమ్స్ న్యూరాలజీకి వెళ్లాను. అక్కడ ఒక చిన్న డాక్టరు కాగితం ఇచ్చి, చెయ్యి బల్లకు ఆనించకుండా లోపలి నుంచి బయటికి సుడి గీయమన్నాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయమన్నాడు. నడవమన్నాడు. చేతులు ఒళ్లో వదిలేసి నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. చివరగా, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని అడిగాడు. అరగంటలో తేలిపోయింది.

ఈ రెండూ కలిసిపోవడం చాలామంది విషయంలో జరుగుతుంది, అందుకే వివరంగా చెబుతున్నాను. పార్కిన్సన్‌లో వణుకు ఎక్కువగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఉంటుంది. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, అక్షరం రానురాను చీమంత అయిపోతుంది. మా వణుకు పని చేసేటప్పుడు వస్తుంది, మామూలుగా రెండు చేతులకూ ఉంటుంది. మా అక్షరం చిన్నది కాదు, పెద్దదై కోడి గెలికినట్టు ఉంటుంది. ఇవి కాక థైరాయిడ్ ఎక్కువైనా చెయ్యి వణుకుతుంది. ఆస్తమాకు పీల్చే సాల్బ్యుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక వైద్యంలో ఇచ్చే లిథియం కూడా వణికిస్తాయి. కుర్రవాళ్లకు వణుకు వస్తే శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కాదని తేల్చుకోవాలి. దాన్ని తొందరగా పట్టుకుంటే మందు ఉంది, వదిలేస్తే కాలేయం పోతుంది. కాబట్టి నా మాట విని ఎవరూ ఇంట్లో కూర్చుని తమకు తామే పేరు పెట్టుకోవద్దు. ఖమ్మంలో, కొత్తగూడెంలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మా నాన్న రోజుల్లోలాగా దేనికైనా హైదరాబాదు రైలెక్కాల్సిన అవసరం లేదు.

కల్లు సంగతి పూర్తి చేస్తాను, మన అడవి పక్క ఊళ్లకు ఇది ముఖ్యం. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లలో చాలామందికి కాస్త మద్యం పడితే వణుకు కొంతసేపు తగ్గుతుంది. వైద్యులు చాలాకాలం నుంచి ఎరిగిన సంగతే ఇది. ఆ కాస్త దిగిపోగానే ముందుకన్నా గట్టిగా తిరగబడుతుంది. మళ్లీ కావాలనిపిస్తుంది. కల్లయినా ఇప్పసారా అయినా అంతే. మా తాత అందుకే తాగేవాడో, ఊరికే తాగేవాడో ఇప్పుడు అడగడానికి లేడు. రోజూ బాగా తాగేవాళ్లకు తాగుడు మానిన పొద్దున వచ్చే వణుకు ఇంకోటి. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడి ఒక్కసారిగా ఆపేసినవాళ్లకు వచ్చేది మరోటి. అందులో ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ఇన్ని వణుకులూ రోడ్డు మీద పోతూ చూసేవాడికి ఒక్కలాగే కనిపిస్తాయి. రోడ్డు మీద పోయేవాడే తీర్పు చెప్పేస్తాడు.

దూలగొండి కూడా చెప్పాలి. నా చెయ్యి చూసిన బంధువొకాయన అడవిలోంచి దూలగొండి గింజలు తెప్పించి పొడి కొట్టించి ఇచ్చాడు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజం. పార్కిన్సన్‌కు ఇచ్చే మాత్రలోనూ ఉండేది అదే. మన వైద్యంలో కంపవాతానికి దాన్ని వాడటంలో అర్థం ఉంది. నాది ఆ వణుకు కాదు. ఎనిమిది నెలలు మాత్రలో పనిచేయనిది పొడిలో పనిచేయదు కదా. ఆయన మనసు నొచ్చుకోకుండా డబ్బా అటక మీద పెట్టాను.

మందుల గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టర్ల పని. మొదట ఇచ్చేవి రెండు. ప్రొప్రనలాల్ అసలు గుండెకు, బీపీకి వచ్చిన మందు. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ ఇచ్చారు. చెయ్యిని ఎంత కుదురుగా ఉంచుతుందంటే, విలువిద్య, షూటింగ్ పోటీల్లో ఈ రకం మందులు నిషేధం. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, షుగర్‌కు మందు వాడేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. ఉన్నట్టుండి ఆపేయకూడదు. రెండోది ప్రిమిడోన్, మూర్ఛ మందు. మొదటి రోజుల్లో తూగిస్తుంది. ఇవి అందరికీ పనిచేయవు. పనిచేసినవాళ్లకు కూడా వణుకు తగ్గుతుందే గానీ పోదు. నాకు ప్రొప్రనలాల్‌తో గ్లాసు సగం దాకా నింపుకునే వెసులుబాటు వచ్చింది, నిండుగా మాత్రం కాదు. బాగా ముదిరినవాళ్లకు మెదడులో తీగ అమర్చి సన్నని కరెంటు పంపే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఉంది. ఫ్రాన్సులో గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే సర్జన్ 1987లో దీనికి దారి వేశాడు. 1997లో అమెరికాలో ఈ వణుకుకు అనుమతి వచ్చింది. నిమ్స్‌లోనూ ఈ సర్జరీ చేస్తారు. పుర్రె తెరవకుండా అల్ట్రాసౌండ్ తరంగాలను ఒక్క చోట కేంద్రీకరించే పద్ధతికి 2016లో అమెరికా అనుమతిచ్చింది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. చెయ్యి నోటి దాకా పోనివాళ్లకు తప్ప అంతదూరం ఆలోచించే పని లేదు.

ఇక అసలు సంగతి. ఈ జబ్బు ప్రాణం తీయదు. చాలామందికి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, అంతే. మనిషిని తీసేది ఇంకోటి. వణుకుకు చూపు తగిలితే పెరుగుతుంది. ఇది కవిత్వం కాదు. ఎవరో చూస్తున్నారన్న కంగారుకు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది వణుకును పెంచుతుంది. ఇంట్లో ఒంటరిగా కాఫీ తాగేటప్పుడు ఒలకనిది వియ్యాలవారి ముందు ఒలుకుతుంది. ఒలికిందని సిగ్గుపడితే మళ్లీసారి ఇంకా ఎక్కువ. అందుకే మనిషి మెల్లగా నలుగురిలోకి రావడం మానేస్తాడు. మొదట టీ వద్దంటాడు. తర్వాత భోజనం చేసే వచ్చానంటాడు. తర్వాత రావడమే మానేస్తాడు. ఇంట్లోవాళ్లు అల్సరో, అహంకారమో అనుకుంటారు.

నాకు తెలిసిన ఒకే ఒక విరుగుడు ముందే చెప్పేయడం. "నాకు చెయ్యి వణుకుతుంది, కప్పు సగమే పోయండి." ఈ ఒక్క వాక్యం చెప్పాక చూడ్డానికి ఎవరికీ ఏమీ మిగలదు. వాళ్ల చూపు పక్కకు పోతుంది, నా చెయ్యి కొంచెం కుదుటపడుతుంది. మొదటిసారి చెప్పినప్పుడు గొంతుకు అడ్డం పడింది. పదోసారికి "టీలో చక్కెర తక్కువ" అన్నంత మామూలైపోయింది.

తిండి దగ్గర మనవాళ్లకు ఒక అదృష్టం ఉంది. అమెరికాలో వణుకును సరిదిద్దే చెంచా ఒకటి చేశారు, దాన్ని తయారు చేసిన చిన్న కంపెనీని 2014లో గూగుల్ కొనేసింది. మనం చేత్తో తింటాం, చెంచా గొడవ లేదు. పప్పన్నం గట్టిగా కలిపి ముద్ద చేసుకుంటే జారదు. చారు అన్నంలో పోసుకునే బదులు గిన్నెలో రెండు చేతులతో పట్టుకుని తాగేయండి. అంచు ఎత్తుగా ఉన్న కంచం, బరువైన గ్లాసు, రెండు మోచేతులూ బల్లకు ఆనించడం. మూత ఉన్న సీసా, గొట్టం. మంగలి కత్తి బదులు మిషన్. లావు పెన్ను. ఫోన్లో తెలుగు మాట్లాడితే అదే రాసుకుంటుంది, టైపు చేసే పని లేదు. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో చెప్పలేదు, పడీ లేచీ పట్టుకున్నవే. ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ లొంగలేదు, బఫే. ఒక చేత్తో నిండు ప్లేటు పట్టుకుని, నిలబడి, ఇంకో చేత్తో తినడం! బఫే కనిపెట్టినవాడికి చెయ్యి వణికి ఉండదు. విస్తళ్ల ముందు కూర్చోబెట్టే పాత బంతిభోజనం మా జాతికి ఎంతో నయం. ఈ రోజు భోజనాల దగ్గర బల్లలు, కుర్చీలు వేయించమని అడిగితే కమిటీవాళ్లు మారుమాట లేకుండా వేయించారు. వాళ్లకు నా దండం.

మేం ఇప్పుడు ఆరుగురం. కారేపల్లి, ఇల్లందు, కొత్తగూడెం చుట్టుపక్కలవాళ్లం. ఆసుపత్రి వరండాల్లో, రైల్లో ఒకరి చెయ్యి ఒకరు చూసి పలకరించుకున్నవాళ్లం. ఆదివారం సాయంత్రం అందరం ఒకే ఫోన్ కాల్‌లో కలుస్తాం. "ఈ వారం ఎవరు ఏం ఒలకబోశారు?" అన్నది మొదటి ప్రశ్న. మందుల ముచ్చట పావుగంటే, మిగతాదంతా నవ్వులే. ఒకాయన దర్జీ. కత్తెర పని కొడుక్కిచ్చి తాను మిషన్ మీద కూర్చుంటాడు. రెండు అరచేతులూ గుడ్డను బల్లకు అదిమి ఉంచుతాయి కాబట్టి అక్కడ వణుకు తక్కువ. సూదిలో దారం ఎక్కించడానికి చిన్న తీగ సాధనం ఉంది, పది రూపాయలది. కొలతలు తీసేటప్పుడు టేపు ఊగితే గిరాకీలతో తానే అంటాడు, "చెయ్యే వణుకుద్ది, కుట్టు వణకదు" అని. తండా నుంచి ఒక అమ్మ ఉంది. అద్దాల కుట్టులో ఆమెను మించినవాళ్లు లేరట. ఇప్పుడు రంగులు, వరసలు ఆమె చెబుతుంది, మనవరాలు కుడుతుంది. మొదటి మూడు ఆదివారాలు ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగో వారం, "మా ఊళ్లో నాకు దయ్యం పట్టిందన్నారు" అంది. ఆ రోజు ఫోన్ గంటన్నర నడిచింది.

ఇంతకన్నా పెద్ద అండ కావాలంటే, ముంబై కేంద్రంగా పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ అని ఉంది. మన దేశంలో చాలా ఊళ్లలో రోగుల బృందాలను నడుపుతుంది. అక్కడ ఎక్కువమంది పార్కిన్సన్‌వాళ్లే కనిపిస్తారు. మనది వేరు కదా అని వెనకాడే పని లేదు, గ్లాసు ఎలా పట్టుకోవాలన్న సంగతి అందరిదీ ఒకటే. ఎసెన్షియల్ ట్రెమర్‌కే ప్రత్యేకంగా అమెరికాలో 1988 నుంచి ఒక అంతర్జాతీయ ఫౌండేషన్ పనిచేస్తోంది.

సంతకం సంగతి పెద్దవాళ్లు జాగ్రత్తగా వినండి. నా చెక్కు ఒకటి సంతకం కలవలేదని వెనక్కి వచ్చింది. బ్యాంకు పేరు వద్దులెండి, ఏ బ్యాంకయినా చేసే పనే. సంతకం మారుతోందని తెలియగానే బ్రాంచికి వెళ్లి కొత్త నమూనా సంతకం ఇవ్వండి, రెండేళ్లకోసారి ఇచ్చినా నష్టం లేదు. అసలు సంతకమే చేయలేని దశ వస్తే కూడా ఖాతా ఆగిపోదు. ముసలితనం వల్లో జబ్బు వల్లో సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చని, దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలని, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కౌంటరులో ఉన్న కుర్రాడికి తెలియకపోవచ్చు, మేనేజరును అడగండి. పెన్షనర్ల జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది. వేలిముద్ర యంత్రం మీద వేలు నిలవక ఇబ్బంది పడేవాళ్లకు 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించి పని కానిచ్చుకునే వీలు కూడా వచ్చింది.

మా అమ్మాయి పెళ్లి సంబంధాల దగ్గర ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. తనకు వణుకు లేదు, రేపు రావచ్చు, రాకపోవచ్చు. ముందే తేల్చి చెప్పే జన్యు పరీక్ష ఇంతవరకు లేదు. "అడగని సంగతి ఎందుకు చెప్పడం? బీపీ ఉన్నవాళ్లంతా చెప్పుకుంటున్నారా?" అన్నారు మావాళ్లు. మాటలో న్యాయం ఉంది. అమ్మాయే, "నాన్న కాఫీ కప్పు పట్టుకుంటే వాళ్లకే కనబడుతుంది. కనబడ్డాక చెప్పేకన్నా ముందే చెబుదాం" అంది. చెప్పాం. మొదటి సంబంధంవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. మా ఆవిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. రెండో సంబంధంవాళ్లు వాళ్లకు తెలిసిన డాక్టరును అడుగుతామన్నారు, పది రోజులు తీసుకున్నారు, వచ్చారు. కన్యాదానం రోజున నా చేతి కింద మా వియ్యంకుడు తన చెయ్యి పెట్టాడు. ఎవరూ ఆయనకు చెప్పలేదు.

చివరగా మా సార్లకు, టీచర్లకు, ఇప్పుడు ఈ బడిలో పాఠాలు చెబుతున్నవాళ్లకు ఒక విన్నపం. ఇది ముసలివాళ్ల జబ్బే కాదు, బడి వయసులోనూ మొదలవుతుంది. దస్తూరి బాగాలేని పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మందికి సాధన చాలకపోవచ్చు. ఆ ఒక్కరిని మాత్రం పట్టుకోండి. బ్యూరెట్‌లో ద్రావణం పోసేటప్పుడు ఒలకబోసే పిల్లవాణ్ని, బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క కిందపడే పిల్లను, నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెయ్యి చాపమనండి. అమ్మానాన్నలకు ఉందేమో అడగండి. డాక్టరు దగ్గరికి పంపండి.

రాయడం కష్టమైన పిల్లలకు ఇప్పుడు చట్టం తోడుంది. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక యువకుడు, చేత్తో రాయలేను, రాసిపెట్టే మనిషిని ఇవ్వండని సివిల్ సర్వీసు పరీక్షల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అతనికి 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ లేదు. 2021 ఫిబ్రవరిలో కోర్టు అతని వైపు తీర్పు చెప్పింది. 40 శాతం లేనంత మాత్రాన సాయం కాదనకూడదంది. ఆ తీర్పు వెంట 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారులు ధ్రువీకరిస్తే లేఖకుణ్ని ఇవ్వవచ్చు, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో పార్కిన్సన్ పేరుంది, మా వణుకు పేరు విడిగా లేదు. అందుకే ఈ తీర్పు మావాళ్లకు పనికొస్తుంది. ఏ పరీక్షకు ఎలా వర్తిస్తుందో జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ముందే, అంటే దరఖాస్తు రోజుల్లోనే కనుక్కోవాలి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే పని కాదు.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. భోజనాలయ్యాక స్టేజీ పక్కన ఆ చివరి బల్ల దగ్గర కూర్చుంటాను. తెల్ల కాగితాలు, లావు పెన్నులు తెచ్చాను. మన జూనియర్లలో ఇద్దరు డాక్టర్లున్నారు, వాళ్లు కూడా కూర్చుంటామన్నారు. మీకు గానీ, ఇంట్లో పెద్దవాళ్లకు గానీ చెయ్యి వణుకుతుంటే రండి, సుడి గీసి చూద్దాం. జబ్బు పేరు అక్కడే తేలదు, ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలుతుంది. మా ఆదివారం ఫోన్‌లో ఏడో మనిషికి చోటుంది. ఎనిమిదో మనిషికి కూడా.